కాలమును అరచేత పట్టిన వడ్రంగి

ఇటీవలి కాలమున ప్రసిద్ధి చెందిన గడియారపు కంపెనీలు కొన్ని, అర్ధశతాబ్దము క్రిందట తాము చేసి విడిచిన పాత నమూనాలను వెదకి తీసి, వానినే మరల చేసి అమ్ముచున్నవి. సెకండ్లను ఆపి లెక్కించుటకు వీలైన క్రోనోగ్రాఫు గడియారముల విషయమున ఈ పని మరింత విరివిగా సాగుచున్నది. 1969 లో వెలువడిన జెనిత్ వారి క్రోనోగ్రాఫు అడ్డుకొలత 38 మిల్లీమీటర్లు. 2019 లో దానిని మరల చేసినప్పుడును వారు ఆ కొలతనే నిలిపిరి. హ్యూయర్ వారి ఆటేవియా 1960 తరువాతి సంవత్సరములలో సుమారు 39 మిల్లీమీటర్లు ఉండెడిది. 2017 లో అది 42 మిల్లీమీటర్లుగా పెరిగి వచ్చెను. ఈ మూడు మిల్లీమీటర్లకై అభిమానులు రెండు పక్షములై వాదించుకొనుచున్నారు. పాతదానిని మరల చేయువాడు దాని కొలతను కూడ పాటింపవలెనా, లేక కాలమునకు తగినట్లు మార్చవచ్చునా అనునది వారి వివాదము.

వినువారికి ఇది వినోదముగా తోచవచ్చును. కాని, మంచి గడియారము ఎంత పెద్దదిగా ఉండవలెను, ఒకడు చేసినదానిని మరియొకడు అట్లే చేయగలడా అను రెండు ప్రశ్నలపై వేలకొలది నావికుల ప్రాణములు ఆధారపడియుండిన కాలమొకటి కలదు. ఆ కాలమున ఈ ప్రశ్నలతో జీవితమంతయు పెనగులాడినవాడు జాన్ హారిసన్ అను ఇంగ్లండు పల్లెటూరి వడ్రంగి. మొదటి ప్రశ్నకు సమాధానము కనుగొనుటకు అతనికి ముప్పది సంవత్సరములు పట్టెను. రెండవ ప్రశ్న అతని వార్ధక్యమునందలి మనశ్శాంతిని హరించెను.

జాన్ హారిసన్ 1693 లో యార్క్‌షైరు సీమయందలి ఫౌల్బీ గ్రామమున జన్మించెను. తండ్రి హెన్రీ వడ్రంగి. జాన్ పసివాడుగా ఉన్నప్పుడే ఆ కుటుంబము హంబరు నదికి దక్షిణమున గల బారో అను పల్లెకు తరలిపోయెను. ఉలి, బాడిస, చిత్రిక ఆ బాలునకు ఆటవస్తువులైనవి. బడిచదువు విశేషముగా లభింపలేదు. తన భావములను స్పష్టముగా వ్రాసి తెలుపుట అతనికి జీవితాంతము కష్టముగనే ఉండెను. అయినను చదువుమీది ఆకలి మాత్రము తీరనిది. ఆ ప్రాంతమునకు వచ్చిన ఒక మతాచార్యుడు, కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయమున గణితాచార్యుడైన సాండర్సన్ ఇచ్చిన ప్రకృతిశాస్త్రోపన్యాసముల వ్రాతప్రతిని ఆ యువకునకు ఎరువిచ్చెను. హారిసన్ దానిని తిరిగి ఇచ్చుటకు ముందు అక్షరమక్షరము, పటములతో సహా, తన చేతితో నకలు వ్రాసికొనెను. సాండర్సన్ పుట్టిన ఏడాదికే మశూచి వలన చూపు కోల్పోయినవాడు. చూపులేని గురువు చెప్పిన పాఠములు, ఆ గురువును ఎన్నడును చూడని శిష్యునకు ఈ విధముగా అందినవి.

1713 లో, ఇరువదేండ్ల వయసున, అతడు తన మొదటి లోలకపు గడియారమును చేసెను. తనకు తెలిసిన పదార్థము కొయ్యయే గనుక చక్రములను ఓకు కొయ్యతోను, ఇరుసులను బాక్సు కొయ్యతోను మలచెను. ప్రతి పంటియందును కొయ్య నార నిలువుగా ఉండునట్లు చూచి ముక్కలను అతికినందున ఆ పండ్లు విరుగలేదు. 1722 ప్రాంతమున బ్రాకిల్స్‌బీ భూస్వామి అశ్వశాలా గోపురమునకు అతడొక గడియారమును చేసిపెట్టెను. ఆ కాలపు గడియారములకు నూనెయే ప్రథమ శత్రువు. అది చలికి పేరుకొని, దుమ్ముతో కలిసి, చక్రముల నడకను చెరచెడిది. హారిసన్ తనలోనే జిడ్డు గల ఒక ఉష్ణదేశపు చేవకొయ్యను రాపిడి గల చోట్ల అమర్చి, నూనె యొక్క అవసరమునే తొలగించెను. మూడు వందల సంవత్సరములు గడచినను ఆ గడియారము నేటికిని నడుచుచున్నది.

వేసవిలో లోలకపు కడ్డీ సాగి గడియారము వెనుకబడుట మరియొక చిక్కు. ఇత్తడి ఉక్కుకంటె ఎక్కువ సాగును. ఈ రెండు లోహముల కమ్మీలను ప్రక్కప్రక్కను అమర్చి, ఒకటి క్రిందికి సాగినంత మేర మరియొకటి పైకి సాగునట్లు హారిసన్ ఒక లోలకమును కల్పించెను. అందువలన లోలకము పొడవు ఎండకును, చలికిని మారకుండెను. తమ్ముడు జేమ్సుతో కలిసి ఈ పద్ధతిని చేసిన గడియారములు నెలకు ఒక్క సెకండు మాత్రమే తప్పునని అతడు నక్షత్రముల గమనముతో సరిచూచి నిర్ధారణ చేసికొనెను. గొప్ప నగరములందలి పేరుమోసిన పనివారి గడియారములకును అంతటి నిక్కచ్చితనము లేని రోజులవి.

ఆ కాలముననే ఇంగ్లండు ప్రభుత్వము ఒక పెద్ద బహుమానము ప్రకటించియుండెను. దాని కారణము తెలిసికొనవలెనన్న నావికుల కష్టము తెలియవలెను. నడిసముద్రమున ఓడ ఎంత ఉత్తరమున, ఎంత దక్షిణమున ఉన్నదో మధ్యాహ్న సూర్యుని ఎత్తును బట్టియు, ధ్రువనక్షత్రమును బట్టియు తెలియును, అది అక్షాంశము. తూర్పు పడమరల దూరమును తెలుపు రేఖాంశమునకు ఆకాశమున అట్టి సులభమైన గురుతు లేదు. భూమి 24 గంటలలో 360 డిగ్రీలు తిరుగును. అనగా గంటకు 15 డిగ్రీలు, నాలుగు నిమిషములకు ఒక డిగ్రీ. బయలుదేరిన రేవునందు ఇప్పుడు సమయమెంతయో తెలిసి, ఓడయున్న చోట సమయమెంతయో సూర్యుని బట్టి తెలిసినచో, ఆ రెంటి భేదమే రేఖాంశ భేదము. భారతదేశపు ప్రామాణిక కాలము కాకినాడ సమీపమున పోవు 82½ డిగ్రీల రేఖను అనుసరించినది. ఆ సంఖ్యను నాలుగుచే హెచ్చించిన 330 నిమిషములు, అనగా అయిదున్నర గంటలు వచ్చును; గ్రీనిచ్ కాలమునకును, భారతదేశ కాలమునకును గల భేదము అదియే. లెక్క ఇంత సులభము. కాని రేవునందలి సమయమును నెలల తరబడి తప్పకుండ మోసికొనిపోగల గడియారము లేదు. ఓడ ఊపునకు లోలకము నిలువదు. జేబు గడియారములు చూచినచో దినమునకు నిమిషమునకు మించి తప్పుచుండెను.

1707 అక్టోబరు 22 వ తేది రాత్రి, సేనాధిపతి క్లౌడెస్లీ షవెల్ నడిపించుచున్న బ్రిటిషు యుద్ధనౌకలు నాలుగు, తామున్న చోటు తెలియక సిల్లీ దీవుల శిలలకు తగిలి మునిగినవి. వేయిమందికి పైగా నావికులు తమ దేశపు ముంగిటనే జలసమాధి యైరి. ఈ ఘోరము జనుల మనసులలో మానకుండగనే, 1714 లో పార్లమెంటు ఒక శాసనము చేసెను. వెస్టిండీసు వరకు సాగు ప్రయాణమున రేఖాంశమును అర డిగ్రీ లోపల తెలుపగల సాధనమునకు 20,000 పౌనులు బహుమానము. అర డిగ్రీ యనగా రెండు నిమిషముల కాలము. ఆరు వారముల ప్రయాణమున గడియారపు తప్పు రెండు నిమిషములకు మించరాదన్న, దినమునకు మూడు సెకండ్ల లోపుగా ఉండవలెను. ఓడ ఊపు, ఎండ, చలి, తేమ, ఇన్నిటికి తట్టుకొను గడియారము ఇంతవరకు పుట్టలేదని మహాశాస్త్రజ్ఞుడైన న్యూటన్ పార్లమెంటు సంఘము ఎదుట అభిప్రాయపడెను. బహుమానమును పరిశీలించుటకు రేఖాంశ మండలి యేర్పడెను. దానియందలి పండితులు చంద్రుని గమనము నుండియే సమాధానము లభించునని నమ్మియుండిరి.

1730 ప్రాంతమున హారిసన్ తన పటములను పట్టుకొని లండను చేరెను. ఆస్థాన ఖగోళజ్ఞుడైన ఎడ్మండు హేలీ అతని మాటలు ఓర్పుతో విని, ఈ విషయము గడియారముల పనివాడే గ్రహింపగలడని, నగరమున అగ్రగణ్యుడైన జార్జి గ్రాహము వద్దకు పంపెను. హారిసన్ సంకోచించుచునే పోయెను. తన రహస్యము పరుల పాలగునేమోయను భయము అతనిని ఎన్నడును విడువలేదు. ఉదయము పది గంటలకు మొదలైన వారి సంభాషణ రాత్రి ఎనిమిది వరకు సాగెను. ముగియునప్పటికి గ్రాహము అతనికి పని సాగించుటకు ధనము అప్పుగా ఇచ్చి పంపెను. పత్రము గాని, వడ్డీ గాని అడుగలేదు.

అయిదేండ్ల కృషితో 1735 లో పూర్తియైన మొదటి సముద్ర గడియారము 34 కిలోల బరువు గలది. అందు లోలకము లేదు. కొనలందు గుండ్లు గల రెండు కడ్డీలు ఒకదానికొకటి ఎదురుగా ఊగుచుండును. ఓడ కుదుపు ఒకదానిని త్వరపెట్టినచో రెండవదానిని అంతే ఆలస్యము చేయును. 1736 లో దానిని ఓడపై లిస్బనుకు కొనిపోయిరి. తిరుగు ప్రయాణమున తీరము కనబడినప్పుడు ఓడ నడుపువారు దానిని స్టార్ట్ అగ్రమనుకొనిరి. హారిసన్ మాత్రము అది లిజర్డు అగ్రమని చెప్పెను. అతడు చెప్పినదే నిజమయ్యెను. నావికుల లెక్క అరువది మైళ్ళు తప్పియుండెను.

1737 లో రేఖాంశ మండలి అతని కొరకే సమావేశమయ్యెను. మరియొకడైనచో వెస్టిండీసు ప్రయాణమును కోరి బహుమానమునకు నిలబడియుండును. హారిసన్ లేచి తన గడియారమునందలి లోపములను తానే వివరించి, దానికంటె మేలైన దానిని చేయుటకు 500 పౌనులు మాత్రము అడిగెను. రెండవ గడియారము రెండేండ్లలో పూర్తియయ్యెను. అది మొదటిదానికంటె బరువైనది. కాని, ఓడ మలుపు తిరిగినప్పుడు ఊగు కడ్డీల వేగము మారునని అతడు గ్రహించెను. ఆ లోపమును ఇతరులెవ్వరును కనుగొనలేదు. తానే కనుగొని, తానే దానిని త్రోసివేసి, మూడవదానికి పూనుకొనెను.

మూడవ గడియారము అతని జీవితమున పందొమ్మిది సంవత్సరములను మ్రింగెను. ఏడు వందల యేబది మూడు భాగములు గల ఆ యంత్రము కొరకై అతడు కల్పించిన సాధనములలో రెండు లోకమున శాశ్వతముగా నిలిచినవి. ఇత్తడి, ఉక్కు రేకులను జంటగా అతికి, వేడికి వంగునట్లు చేసిన పట్టీ యొకటి. తగిన వేడి రాగానే తనంతట ఆగిపోవు ఇస్త్రీపెట్టెలందు ఆ సూత్రమే పని చేయును. ఇరుసు తేలికగా తిరుగుటకై చిన్న దొర్లుడు కడ్డీలను చట్రమున కూర్చిన బేరింగు రెండవది. 1749 లో రాయల్ సొసైటీ వారు అతనికి కాప్లీ పతకమిచ్చి గౌరవించిరి. ఇంతయైనను గడియారము మాత్రము అతడు కోరినంత నిక్కచ్చిగా నడువలేదు. యువకుడై లండను చేరినవాడు వృద్ధుడయ్యెను. అప్పు ఇచ్చి ఆదరించిన గ్రాహమును, దారి చూపిన హేలీయును గతించిరి.

అప్పుడు జరిగిన సంగతి అతని జీవితమున ముఖ్యమైన మలుపు. 1753 లో జాన్ జెఫ్రీస్ అను పనివాడు హారిసన్ సూచనలను అనుసరించి, అతని సొంత వాడుకకై ఒక జేబు గడియారమును చేసియిచ్చెను. జేబు గడియారములు నమ్మదగినవి కావని లోకముతోపాటు హారిసన్‌కును అభిప్రాయము. కాని ఈ చిన్న గడియారము తాననుకొన్న దానికంటె ఎంతో చక్కగా నడచుట చూచి అతడు ఆశ్చర్యపడెను. ఆశ్చర్యము ఆలోచనగా మారెను. అంతవరకు అతడును, ఇతరులును గడియారము ఎంత పెద్దదైన అంత నిలకడగా ఉండుననియే తలచిరి. నిజము వేరు. ఓడ ఊపు మెల్లనిది. మెల్లగా ఊగు పెద్ద కడ్డీలను ఆ ఊపు సులభముగా పట్టి చెరచును. సెకండునకు అనేక పర్యాయములు వేగముగా, విశాలముగా ఊగు చిన్న చక్రమును అది అంటజాలదు. తిరుగుచున్న బొంగరమును తట్టినను పడిపోదు. ఆగబోవుచున్నదానికి గాలి సోకినను చాలును.

ఈ సత్యము గ్రహించునప్పటికి అతనికి అరువదియేండ్లు దాటినవి. మూడు పెద్ద యంత్రములు, దాదాపు ముప్పదియేండ్ల శ్రమ, ప్రభుత్వధనము ఒక వైపు. అరచేత ఇముడు చిన్న వస్తువు ఒక వైపు. తన జీవితమంతయు తప్పుదారిని నడచెనని లోకము నవ్వునను భయము అతనిని ఆపలేదు. 1755 లో అతడు మండలికి తన నూతన సంకల్పమును తెలిపెను. 1759 లో నాలుగవ గడియారము పూర్తియయ్యెను. అడ్డుకొలత 13 సెంటీమీటర్లు, బరువు కిలోన్నరకు లోపు. వెండి పెట్టె, తెల్లని ముఖము, నల్లని అంకెలు. చూచుటకు ఒక పెద్ద జేబు గడియారము మాత్రమే. లోపల కెంపులు, వజ్రములు రాపిడిని తగ్గించుచుండెను. చక్రము సెకండునకు అయిదు మారులు కొట్టుకొనుచుండెను. పిట్ట కొంచెము కూత ఘనము అను సామెతకు ఇంతకంటె తార్కాణము దొరకదు. ఈ కొలత కూడ ఊరక నిర్ణయింపబడినది కాదు. సామాన్యమైన జేబు గడియారమంత చిన్నదైనచో లోపలి చక్రమునకు కావలసిన బలము చాలదు; పాత యంత్రములంత పెద్దదైనచో వేగము చాలదు. పని యెంత కోరెనో పెట్టె అంతయే అయ్యెను.

1761 నవంబరు 18 వ తేదిని ఆ గడియారము డెట్‌ఫర్డు నౌకపై జమైకాకు బయలుదేరెను. హారిసన్ అరువదియెనిమిదేండ్ల వృద్ధుడు గనుక కుమారుడు విలియము దానిని వెంటబెట్టుకొని పోయెను. దారిలో త్రాగుటకు ఉంచిన బీరు చెడిపోయి నావికులు మదీరా దీవికై ఎదురుచూచుచుండిరి. దీవి మరునాడే కనబడునని విలియము గడియారమును బట్టి చెప్పెను. కెప్టెను డిగ్గెస్ నమ్మకున్నను ఓడను ఆ దిక్కుననే పోనిచ్చెను. మరునాటి యుదయమున దీవి కనబడెను. జమైకా చేరినప్పుడు పరీక్షింపగా, ఎనుబదియొక్క దినములలో గడియారము తప్పినది అయిదు సెకండ్లకు కొంచెము ఎక్కువ మాత్రమే. శాసనము అనుమతించిన తప్పు రెండు నిమిషములు.

బహుమానము రావలసినది, రాలేదు. జమైకా యొక్క అసలు రేఖాంశమే నిశ్చయముగా తెలియదనియు, ఒక్కసారి సరిపోవుట యాదృచ్ఛికము కావచ్చుననియు మండలి పలికెను. రెండవ పరీక్ష 1764 లో బార్బడోసు దీవి వరకు జరిగెను. ఈసారి తప్పు ముప్పదితొమ్మిది సెకండ్లు, అనగా పది మైళ్ళ లోపు. శాసనము కోరిన దానికంటె మూడింతలు మేలైన ఫలితమిది. అయినను మండలి తృప్తి చెందలేదు. 1765 లో పార్లమెంటు నిబంధనలను మార్చెను. గడియారపు రహస్యమును పూర్తిగా వెల్లడించినచో సగము ధనము. అట్టివే మరికొన్ని చేయవచ్చునని రుజువైన పిదప మిగిలిన సగము.

ఇక్కడ మండలి వాదమునందును న్యాయము లేకపోలేదు. ఒక్క మనుష్యుని చేతి నేర్పుగా ఉన్నంతవరకు అది అద్భుతము మాత్రమే. మరియొకని చేతికిని వచ్చిననాడు అది విద్య యగును. నౌకాదళమునకు కావలసినది ఒక్క గడియారము కాదు, వందలు. కాని ఆట మధ్యలో నియమములు మార్చుట అన్యాయము. బహుమానమునకై చంద్రగణిత పద్ధతిని సమర్థించుచున్న నెవిల్ మాస్కెలైన్ ఆ సంవత్సరముననే ఆస్థాన ఖగోళజ్ఞుడై, మండలియందు సభ్యుడగుట హారిసన్ మనసున అనుమానమును మరింత పెంచెను. మాస్కెలైన్ పండితుడు, పరిశ్రమశీలి. అతడు ప్రారంభించిన నావిక పంచాంగము నావికులకు చిరకాలము ఉపకరించెను. కాని ఒక పద్ధతిని ప్రాణమువలె నమ్మినవాడు, దానికి పోటీయైన పద్ధతికి న్యాయమూర్తి యగుట ఎవ్వరికిని మేలు కాదు.

1765 ఆగస్టు నెలలో హారిసన్ లండనునందలి తన యింట, మండలి పంపిన నిపుణుల యెదుట, గడియారమును ముక్కముక్కగా విప్పి వివరించెను. సగము బహుమానము లభించెను. గడియారము మాత్రము మండలి వశమయ్యెను. మరుసటి సంవత్సరము మాస్కెలైన్ స్వయముగా వచ్చి మూడు పెద్ద యంత్రములను కూడ తరలించెను. మోయుచుండగా మొదటి యంత్రము పనివారి చేతినుండి జారి పడెను. యౌవనమున చేసిన ఆ యంత్రము దెబ్బ తినుటను ఆ డెబ్బదిమూడేండ్ల వృద్ధుడు సహింపవలసివచ్చెను. నాలుగవ గడియారమును గ్రీనిచ్ వేధశాలలో పది నెలలు పరీక్షించి, అది నమ్మదగినది కాదని మాస్కెలైన్ నివేదిక వ్రాసెను.

ఇంతలో మండలి, విప్పి చూచిన నిపుణులలో ఒకడైన లార్కం కెండాల్‌కు అట్టి గడియారమునే మరియొకటి చేయుమని పని అప్పగించెను. 450 పౌనుల ఒడంబడికపై అతడు దానిని 1769 లో పూర్తి చేసెను. కొలతకు కొలత, చక్రమునకు చక్రము, మూలమునకు ఏమాత్రము తీసిపోని నకలది. లోపలి పలకపై చెక్కిన లతలు సయితము మూలమును తలపించినవి. ఒకడు కనుగొన్నదానిని మరియొకడు చేయగలడని ఆ విధముగా రుజువయ్యెను. ఆ రుజువుతోనైన మండలి శాంతింపలేదు. హారిసన్ తానే మరి రెండు చేయవలెనని పట్టుపట్టెను. మూలము దగ్గర లేదు, చూపు మందగించెను. అయినను అతడు కుమారునితో కలిసి అయిదవ గడియారమును ముగించెను. ఇది అలంకారము లేనిది, సాదాయైనది.

చివరకు విలియము మొర మూడవ జార్జి రాజు చెవిని పడెను. ఖగోళవిద్యపై ఆసక్తిగల ఆ రాజు 1772 లో అయిదవ గడియారమును తన సొంత వేధశాలలో పది వారములు పరీక్షింపజేసెను. అది దినమునకు సెకండులో మూడవ వంతు మాత్రమే తప్పెను. రాజు అండ నిలువగా, 1773 లో పార్లమెంటు హారిసన్‌కు 8,750 పౌనులు మంజూరు చేసెను. ధనము లభించెను గాని, ఆ బహుమానము అతనిదేనని మండలి నోట ఒక్క మాటయు రాలేదు.

మండలి చెప్పని మాటను సముద్రము చెప్పెను. కెప్టెను జేమ్సు కుక్ 1772 లో తన రెండవ మహాయాత్రకు బయలుదేరునప్పుడు కెండాల్ చేసిన నకలును వెంట తీసికొనిపోయెను. అయనరేఖల నడిమి ఎండ నుండి దక్షిణధ్రువ సమీపమునందలి మంచు వరకు మూడేండ్లు సాగిన ఆ యాత్రలో, ఆ గడియారపు తప్పు ఏ దినమునందును ఎనిమిది సెకండ్లకు మించలేదు. మొదట దానిని అంతగా నమ్మని కుక్, తిరిగి వచ్చునప్పటికి దానిని తనకు తోడైన మార్గదర్శిగా కొనియాడెను. 1775 జూలైలో అతడు తీరము చేరునప్పటికి హారిసన్ ఇంకను జీవించియుండెను. 1776 మార్చి 24 వ తేదిని, ఎనుబదిమూడవ యేట, ఆ వడ్రంగి లండనునందలి తన యింట కన్నుమూసెను. హాంప్‌స్టెడ్ దేవాలయ ప్రాంగణమున అతని సమాధి కలదు.

అతని మార్గమును పట్టుకొని జాన్ ఆర్నల్డు, థామస్ ఎర్న్‌షా మొదలైనవారు లోపలి యంత్రమును సులభపరచి, వెల తగ్గించి, క్రోనోమీటరును సామాన్య నౌకలకును అందజేసిరి. 1831 లో ఛార్లెస్ డార్విన్ పయనించిన బీగిల్ నౌకపై ఇరువదిరెండు క్రోనోమీటర్లు ఉండెను. వానిలో ఏదియు హారిసన్ గడియారమునకు నకలు కాదు; అయినను అన్నియు దాని సంతానమే. అతని మూలయంత్రములు మాత్రము గ్రీనిచ్‌లో తుప్పు, మురికి పట్టి పడియుండెను. 1920 లో రూపర్టు గౌల్డు అను నౌకాదళోద్యోగి వానిని చూచి చలించి, జీవితమున ముఖ్యభాగమును వానిని శుభ్రపరచి నడిపించుటకే వినియోగించెను. 2006 లో వెస్ట్‌మినిస్టర్ ఆబీ యందు హారిసన్ స్మారకఫలకమును నెలకొల్పిరి. దానిపై రెండు లోహముల రేఖ యొకటి కలదు.

మరియొక రుణము తీరవలసియుండెను. మరణమునకు ముందటి యేట, 1775 లో, హారిసన్ ఒక గ్రంథమును ప్రకటించి, తన పద్ధతిని చేసిన లోలకపు గడియారము నూరు దినములలో ఒక్క సెకండు కంటె ఎక్కువ తప్పదని చెప్పెను. చదివినవారు వృద్ధుని ప్రలాపమని నవ్విరి. మార్టిన్ బర్జెస్ అను ఆంగ్ల శిల్పి ఆ మాటలనే ఆధారముగా గొని, ఇరువదవ శతాబ్దమున ఒక గడియారమునకు రూపకల్పన చేసెను. అది పూర్తియైన పిదప గ్రీనిచ్‌లో గాజువంటి పెట్టెలో ఉంచి, ముద్రవేసి పరీక్షించిరి. 2015 లో ఫలితము తేలెను. నూరు దినములలో అది తప్పినది సెకండులో ఎనిమిదింట అయిదు వంతులు. రెండు వందల నలుబది సంవత్సరములకు ఆ నవ్వు ఆగెను.

మిల్లీమీటర్లను గూర్చి నేడు వాదించుకొను రెండు పక్షముల వారికిని హారిసన్ చరిత్రలో చోటు కలదు. కెండాల్ వెంట్రుకవాసి తప్పక నకలు తీసినందున ఆ విద్య నిజమని తేలెను. ఆర్నల్డు, ఎర్న్‌షాలు మార్చి చేసినందున అది లోకమునకు అందెను. మూలమును తెలిసికొనుటకు యథాతథమైన నకలు కావలెను. మూలమును బ్రతికించుటకు మార్పు కావలెను. అయితే ఆ మార్పు చూపులకు ఇంపైనదా అని కాక, పని కోరినదా అని ప్రశ్నించుటయే హారిసన్ పద్ధతి.

గ్రీనిచ్ ప్రదర్శనశాలలో మొదటి మూడు పెద్ద యంత్రములు నేటికిని ఊగుచుండును. బాలబాలికలు వాని యెదుటనే గుమిగూడుదురు. నాలుగవదానికి నూనె అవసరము గనుక, నడిపినచో అరుగునను భయముచే దానిని ఆపి యుంచిరి. నిశ్చలముగా ఉన్న ఆ చిన్న గడియారమును చూచిన ఉపాధ్యాయుడు తన విద్యార్థులకు చెప్పవలసినది ఒకటి కలదు. అది నిలువుటకు ముందు ప్రక్కన ఊగుచున్న మూడింటిని చేసినవాడు, వానిని తన చేతులతోనే ప్రక్కకు జరుపవలసివచ్చెను. పరులు చేసిన తప్పును చూపుట అందరికిని తెలియును. పందొమ్మిదేండ్ల తన శ్రమయందే తప్పును చూచి, అరువదియేండ్లు దాటిన పిదప మరల మొదటినుండి ప్రారంభించుట ఆ వడ్రంగి నేర్పిన పాఠము.